సిగ్నల్ లేని ఊరికి డేటా ఎక్కణ్ణించి వస్తుంది?

ఈ మధ్య ఏ సాఫ్ట్‌వేర్ మిత్రుడితో మాట్లాడినా ఒకటే పాట. "ఇంకా ఏ కాలంలో ఉన్నావ్? వైఫై యాక్సెస్ పాయింట్లు ఎక్కడ పెట్టాలో ఇప్పుడు మెషీన్ లెర్నింగే చెప్పేస్తుంది. ప్లాన్ అప్‌లోడ్ చెయ్యి, బటన్ నొక్కు, అయిపోయింది."

ఆఫీసుల వరకూ ఈ మాటలో చాలా నిజం ఉంది, కాదనను. గచ్చిబౌలిలో ఒక అంతస్తుకీ, వైట్‌ఫీల్డ్‌లో ఇంకో అంతస్తుకీ తేడా ఎంతుంటుంది చెప్పండి? అవే గాజు తలుపులు, అవే జిప్సమ్ గోడలు, అవే క్యూబికల్స్, చివర్న అదే కాఫీ మెషీను. వెయ్యి అంతస్తుల కొలతలు చూసిన మోడల్ వెయ్యిన్నొకటో అంతస్తు గురించి చెబితే నమ్మొచ్చు. నాకూ అభ్యంతరం లేదు.

నా పేచీ అంతా ఆ తర్వాత వచ్చే మాటతో. "ఇదే టూల్ పల్లెలకీ వాడేస్తే సరి, గ్రామీణ ఇంటర్నెట్ సమస్య తీరిపోతుంది" అంటారు. మాది నెల్లూరు జిల్లా పడమటి మెట్ట. ఉదయగిరి, ఆత్మకూరు చుట్టుపక్కల ఊళ్ళు. ఆ ఊళ్ళని కళ్ళతో చూసినవాడెవడూ ఈ మాట ఇంత తేలిగ్గా అనలేడు. మా వైపు మోడళ్ళకి కరువు లేదు. కొలతలకి కరువు. ఎవరికి ముందు అందాలి అన్న నిర్ణయానికి అంతకన్నా కరువు. ఈ రెండూ తేలకుండా మెషీన్ లెర్నింగ్ తెచ్చి పెడితే, ఇప్పటిదాకా మనుషులు చేసిన అన్యాయాన్నే ఇకపైన కంప్యూటరు లెక్కకట్టి మరీ చేస్తుంది.

ముందు ఒక చిక్కుముడి విప్పుదాం. యాక్సెస్ పాయింట్ ఎక్కడ పెట్టాలి అన్నది ఒక ప్రశ్న కాదు, రెండు. ఇక్కడ పెడితే అక్కడ సిగ్నల్ ఎంత వస్తుంది అన్నది మొదటిది. ఇది అంచనా. మెషీన్ లెర్నింగ్ పనికొచ్చేది ఇక్కడే. ఉన్న నాలుగు పెట్టెల్నీ ఎక్కడెక్కడ పెడితే మేలు అన్నది రెండోది. ఇది ఆప్టిమైజేషన్. కాలేజీలో చదువుకున్న సెట్ కవర్ సమస్యకి చుట్టం. ఖచ్చితమైన జవాబు కావాలంటే ఎన్‌పీ-హార్డ్. కానీ గ్రీడీగా ఒక్కొక్కటే పెట్టుకుంటూ పోయినా అత్యుత్తమ జవాబులో కనీసం 63 శాతం దక్కుతుందని 1978లోనే నిరూపించారు, ఆచరణలో ఇంకా మెరుగ్గానే వస్తుంది. ఈ రెండిటికీ కలిపి "ఏఐ" అని ఒకే బోర్డు తగిలించడంతో, అసలు నిర్ణయం ఎక్కడ జరుగుతోందో ఎవరికీ కనపడకుండా పోతోంది.

మొదటి ప్రశ్న సంగతి చూద్దాం. డేటాకి గీత గీసి అంచనా వెయ్యడం రేడియో వాళ్ళకి కొత్త కాదు. 1968లో ఒకుమురా టోక్యో ప్రాంతంలో తిరిగి సిగ్నల్ కొలిచి గ్రాఫులు ప్రచురించాడు. 1980లో హటా ఆ గ్రాఫులకి సరిపోయే సూత్రం కట్టాడు. నన్నడిగితే అది కూడా మెషీన్ లెర్నింగే, మెషీను లేదంతే :) కానీ హటా చేసిన మంచి పని ఇంకొకటి ఉంది. తన సూత్రం 150 నుంచి 1500 మెగాహెర్ట్జ్ వరకే, 1 నుంచి 20 కిలోమీటర్ల దూరానికే, బేస్ స్టేషన్ యాంటెనా 30 మీటర్లకి పైన ఉంటేనే అని పక్కనే రాసిపెట్టాడు. అంటే మన 2400 మెగాహెర్ట్జ్ వైఫైకి అది పనికిరాదని సూత్రమే చెబుతోంది. ఇప్పటి న్యూరల్ నెట్‌వర్కుని ఉదయగిరి గురించి అడగండి. అది పుట్టి బుద్ధెరిగి ఉదయగిరి చూసి ఉండదు. అయినా మైనస్ 67 డీబీఎం అని దశాంశాలతో సహా చెబుతుంది. నాకు తెలీదు అనడం దానికి ఎవరూ నేర్పలేదు.

ఇహ ఆ తెలియనిదేమిటో చూద్దాం. ఉదయగిరి దుర్గం సముద్రమట్టానికి సుమారు 3 వేల అడుగుల ఎత్తు. కృష్ణదేవరాయలంతటివాడికి ఏడాదికి పైగా ముట్టడి వేస్తే గానీ, 1514లో గానీ చిక్కని కొండ. మ్యాప్ చూసిన ఇంజనీరుకి ఇది బంగారు గని. దేవుడిచ్చిన టవరు కదా! కానీ కొండ ఒక పక్కకి టవరైతే రెండో పక్కకి అడ్డుగోడ. కొండనీడలో పడ్డ ఊరికి ఎన్ని వాట్లు పెట్టినా లాభం లేదు. పైన పరికరం పెడితే దానికి కరెంటెవరిస్తారు? పిడుగు పడితే ఎవరెక్కి బాగుచేస్తారు? సీతారామపురం వైపు వెలిగొండల కిందికి పోయేకొద్దీ ఇదే కథ, ఒక్కో వాగు దాటగానే లెక్క మారిపోతుంది.

ఈ టూల్స్ కొండలూ గుట్టలూ తెలుసుకునేది చాలావరకు 2000 ఫిబ్రవరిలో అమెరికా స్పేస్ షటిల్ రాడార్‌తో తీసిన ఎత్తుల పటం నుంచి. మంచి పని, ఉచితంగా దొరుకుతుంది. అయితే దాంట్లో ఒక్కో గడి 30 మీటర్లు. మా ఊళ్ళో 30 మీటర్లలో ఒక చింతచెట్టు, ఒక రేకుల షెడ్డు, రాతిగోడల పెంకుటిల్లు, కొత్తగా కట్టిన రెండంతస్తుల మిద్దె అన్నీ పట్టేస్తాయి. జిప్సమ్ గోడ సుమారు 3 డెసిబెల్స్ తింటే, కాంక్రీటు గోడ 10కి పైనే తింటుంది. రేకు దాదాపు అంతా వెనక్కి కొట్టేస్తుంది. వాన పడి తడిసిన చింతాకు వేరు, వేసవిలో ఆకు రాల్చిన చెట్టు వేరు.

ఆత్మకూరు వైపు ఇంకో రకం చిక్కు. అనంతసాగరం మండలంలో పెన్న మీద సోమశిల జలాశయం ఉంది, నిండితే 78 టీఎంసీలు. నీళ్ళ మీదుగా లింకు వేస్తే సిగ్నల్ రెండు దారుల్లో వస్తుంది. ఒకటి నేరుగా, ఒకటి నీటి మీద పడి లేచి. రెండూ కలిసొస్తే బలం, ఎదురుపడితే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. నీటిమట్టం మారితే ఈ లెక్కంతా మారుతుంది. మే నెలలో కొలిచిన డేటాతో ట్రైనింగ్ ఇచ్చిన మోడల్ నవంబర్లో జలాశయం నిండాక ఏం చెబుతుందో ఊహించుకోండి.

మరి మెషీన్ లెర్నింగ్ లేకుండా పల్లెల్లో ఇలాంటి ప్లానింగ్ ఎవరైనా చేశారా అంటే, చేశారు. అదీ మన రాష్ట్రంలోనే. 2000ల నడిమికాలంలో పశ్చిమ గోదావరి జిల్లాలో బైర్రాజు ఫౌండేషన్ "అశ్విని" అనే పథకం కింద ఊళ్ళని లాంగ్ డిస్టెన్స్ వైఫైతో కలిపింది. ఆ నెట్‌వర్క్ ప్లానింగ్ మీద సాయన్‌దీప్ సేన్, భాస్కరన్ రామన్ 2007లో వరల్డ్ వైడ్ వెబ్ కాన్ఫరెన్స్‌లో ఒక పేపర్ ఇచ్చారు. ఏ ఊరిని ఏ ఊరితో కలపాలి, టవర్ ఎంత ఎత్తు, ఏ యాంటెనా, ఎంత పవర్ అని సమస్యని నాలుగు ముక్కలు చేసి, కనీస ఖర్చు అంచనాకి 2 శాతం లోపలికి తెచ్చారు. అందులో న్యూరల్ నెట్‌వర్క్ లేదు. ఉన్నదల్లా ఆ పనిలో దిగినవాళ్ళకి వచ్చే ఇంగితం.

ఆ ఇంగితం ఏమిటో ఒక చిన్న లెక్కతో చెబుతాను. 10 కిలోమీటర్ల లింకు, 2.4 గిగాహెర్ట్జ్. ఖాళీ గాలిలో పోయేది 120 డెసిబెల్స్. యాంటెనా బలంతో కలుపుకుని మనకి అనుమతి 4 వాట్లు, అంటే 36 డీబీఎం. అవతల 24 డీబీఐ గ్రిడ్ యాంటెనా పెడితే చేరేది 36 - 120 + 24, మైనస్ 60. పుష్కలం! మరి ఖర్చెక్కడ? దారి మధ్యలో సిగ్నల్ చుట్టూ ఫ్రెనెల్ జోన్ అని ఒక కోలగా ఉండే ఖాళీ కావాలి. ఈ లింకుకి సరిగ్గా మధ్యలో దాని వ్యాసార్థం 17.7 మీటర్లు. అందులో కనీసం 60 శాతం, అంటే దాదాపు 10.6 మీటర్లు అడ్డు లేకుండా ఉండాలి. భూమి వంపు ఇంకో మీటరున్నర. గోదావరి డెల్టాలో 15 మీటర్ల కొబ్బరిచెట్టు ఉందనుకుంటే మొత్తం 27 మీటర్లు. పెట్టె చవక, దాన్ని నిలబెట్టే ఇనుము ఖరీదు. కాబట్టి ప్లానింగ్ అంటే ప్రధానంగా టవర్ల ఎత్తు తగ్గించుకోవడం అని వాళ్ళు పట్టుకున్నారు.

డెల్టాలో నేల చదునుగా ఉంటుంది కనుక ఆ లెక్క అలా నడిచింది. మా మెట్టలో నేలే ఎగుడుదిగుడు. అశ్విని ప్లాన్ తెచ్చి ఉదయగిరిలో అతికిస్తే అతకదు. అతికించాల్సింది వాళ్ళ పద్ధతిని: ముందు నేల తెలుసుకో, ఖర్చెక్కడుందో చూడు, ఆ తర్వాతే అల్గారిథం.

కొలతల గొడవలో నన్ను అన్నిటికన్నా భయపెట్టేది వేరే ఉంది. "కొలతలెందుకు, జనం ఫోన్లలోంచి స్పీడ్ టెస్టుల డేటా లక్షల్లో వస్తోంది కదా, దానితో ట్రైనింగ్ ఇద్దాం" అంటారు. ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. స్పీడ్ టెస్ట్ ఎవరు చేస్తారు? స్మార్ట్ ఫోన్ ఉన్నవాడు, సిగ్నల్ వస్తున్నచోట, ఖాళీ ఉన్నప్పుడు. అసలు సిగ్నలే లేని చోట నుంచి "ఇక్కడ సిగ్నల్ లేదు" అని ఏ ఫోనూ ఆ క్షణాన కబురు పంపలేదు. డేటాసెట్‌లో ఆ చోటు సున్నాగా కనపడితే కొంత నయం. సున్నాగా కూడా కనపడదు, అసలు వరుసే ఉండదు. మోడల్‌కి అక్కడ మనుషులున్న సంగతే తెలీదు.

ఆ మనుషులకేమో సిగ్నల్ అవసరం నానాటికీ పెరుగుతోంది. ఉపాధి హామీ పనిలో కూలీల హాజరు యాప్‌లోనే, రోజుకి రెండుసార్లు ఫోటోతో వెయ్యాలని 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. రేషన్‌కి వేలిముద్ర, పింఛనుకి వేలిముద్ర. మా వైపు ఒక పెద్దాయన నాతో అన్నమాట ఇది: "అబ్బయా, ముందు పనికి పారా ఎత్తుకోని పోతే సాలు. ఇప్పుడు ఆ పిల్లోడు ఫోను ఎత్తుకోని సిగ్నలు కోసరం గుట్టెక్కాల. వాడు దిగొచ్చిందాకా మాకు పని చేసినట్టు లెక్క లేదు." ఆ గుట్ట దగ్గర ఎన్ని స్పీడ్ టెస్టులు నమోదై ఉంటాయంటారు?

రెండో ప్రశ్న, అంటే ఎక్కడ పెట్టాలి అన్నదానికి వద్దాం. దీనికి లెక్క వేసి చూపిస్తాను. అంకెలు ఊహే, కానీ ఊరి స్వరూపం మాత్రం మీలో పల్లె నుంచి వచ్చినవాళ్ళందరికీ తెలిసిందే. పెద్ద ఊళ్ళో 400 ఇళ్ళు. ఊరికి దూరంగా ఎస్సీ కాలనీలో 40, చెరువు అవతల యానాదుల కాలనీలో 25. మొత్తం 465. చేతిలో నాలుగు యాక్సెస్ పాయింట్లున్నాయి. ఊళ్ళో పెడితే ఒక్కోటి 100 ఇళ్ళకి అందుతుంది, కాలనీలో పెడితే ఆ కాలనీ మొత్తానికి అందుతుంది.

"వీలైనన్ని ఎక్కువ ఇళ్ళకి అందాలి" అని ఆబ్జెక్టివ్ ఫంక్షన్ రాస్తే నాలుగూ ఊళ్ళోనే పెడుతుంది. 400 ఇళ్ళు, 86 శాతం. స్లైడ్ మీద పచ్చరంగు. "ప్రతి వాడకీ కనీసం ఒకటి" అని షరతు పెడితే ఊళ్ళో రెండు, కాలనీల్లో రెండు. 265 ఇళ్ళు, 57 శాతం. స్లైడ్ మీద ఎర్రరంగు. మేనేజరుకి ఏది చూపిస్తారో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మూడో రకంగా రాద్దాం. ఊళ్ళో 400 ఇళ్ళలో 350 ఇళ్ళకి ఇప్పటికే మొబైల్ సిగ్నలో, ఫైబరో ఉందనుకోండి. కాలనీల్లో ఎవరికీ లేదు. "కొత్తగా ఎంతమందికి అందింది" అని లెక్కపెడితే, మొదటి ప్లాన్‌లో కొత్తగా అందేది 50 ఇళ్ళకి. రెండో ప్లాన్‌లో ఊళ్ళో 25, కాలనీల్లో 65, కలిపి 90. తీర్పు తిరగబడింది! మోడల్ మారలేదు, డేటా మారలేదు, భౌతికశాస్త్రం మారలేదు. మారింది ఒక్క లైను కోడ్.

ఆ ఒక్క లైను ఎవరు రాస్తున్నారు? బెంగుళూరులోనో, హైదరాబాదులోనో కూర్చున్న మనలాంటి వాళ్ళమే. టికెట్‌లో "మాక్సిమైజ్ కవరేజ్" అని ఉంటే అదే రాసేస్తాం. కావాలని ఎవరికీ అన్యాయం చెయ్యం, నాకు తెలుసు. కానీ కరెంటు, రోడ్డు, మంచినీళ్ళ కుళాయి అన్నీ చివరికి ఏ వాడకి చేరాయో ఆ వాడకే వైఫై కూడా చివరికి చేరితే, "అల్గారిథం అలా చెప్పింది" అన్న సమాధానం ఇదివరకు లేని కొత్త సాకు. ఇదివరకు కనీసం సర్పంచిని నిలదీసేవాళ్ళు. మోడల్‌ని ఎక్కడికెళ్ళి నిలదీస్తారు?

దీనికి మిత్రులు చెప్పే ఎదురు వాదన కూడా చెప్పాలి, న్యాయమైనదే. "అందరికీ ఒకేసారి ఇవ్వలేం. 86 శాతంతో మొదలుపెడితే వాడకం పెరుగుతుంది, డబ్బులొస్తాయి, తర్వాత కాలనీలకి వెళ్ళొచ్చు. ముందే కాలనీల్లో పెడితే కరెంటు బిల్లు కూడా గిట్టక మూతపడుతుంది." నిజమే, నిలబడని నెట్‌వర్క్ ఎవరికీ మేలు చెయ్యదు. 2020 డిసెంబరులో కేంద్రం ఒప్పుకున్న పీఎం-వాణి పథకం కూడా ఈ నమ్మకం మీదే ఉంది. కిరాణా కొట్టువాడైనా లైసెన్సు లేకుండా వైఫై అమ్ముకోవచ్చు, గిరాకీ ఉన్నచోట అదే నిలబడుతుంది అని. సరే, అలాగే కానివ్వండి. కానీ అప్పుడు అది వ్యాపార నిర్ణయం అని పైకి చెప్పండి. "తర్వాత" అంటే ఏ నెలో రాసి పెట్టండి. ప్రజల డబ్బుతో వేసే నెట్‌వర్క్ అయితే ఆ ముక్క గ్రామసభలో అడగండి. నా గొడవల్లా నిర్ణయాన్ని గణితం వెనక దాచెయ్యడంతోనే.

ఇంతా చెప్పి మెషీన్ లెర్నింగ్ వద్దంటున్నానా? లేదు. సరైన చోట వాడమంటున్నాను. 1951లో డానీ క్రిగె అనే దక్షిణాఫ్రికా గనుల ఇంజనీరు, కొద్ది బోర్లలో దొరికిన నమూనాలనుంచి మిగతా నేలలో బంగారం ఎంతుంటుందో అంచనా కట్టే పద్ధతి రాశాడు. దాన్నే తర్వాత క్రిగింగ్ అన్నారు, మన వాళ్ళు గాసియన్ ప్రాసెస్ అని చదువుకుంటారు. దాని గొప్పతనం ఏమిటంటే అంచనాతో పాటు "ఇక్కడ నాకు నమ్మకం ఇంత" అని కూడా చెబుతుంది. కొలతలున్న చోట గీత సన్నగా, లేని చోట లావుగా. అంటే తర్వాత ఎక్కడికెళ్ళి కొలవాలో అదే చూపిస్తుంది. మా మెట్టకి కావాల్సింది ఇదే. పెట్టె ఎక్కడ పెట్టాలో చెప్పే మోడల్ కన్నా ముందు, ఎక్కడ కొలవాలో చెప్పే మోడల్.

కొలవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. ఒక చవక రూటరు, వెదురుగడ, బ్యాటరీ, సిగ్నల్‌ని రాసుకునే యాప్ ఉన్న ఒక ఫోను. జూనియర్ కాలేజీ పిల్లలు నలుగురుంటే ఒక ఊరు రెండు పూటల్లో తిరిగేస్తారు. నెట్ లేకపోయినా యాప్ రాసుకుంటుంది, తర్వాత పంపుకోవచ్చు. ఎండాకాలం ఒకసారి, వానల తర్వాత ఒకసారి తిరిగితే చెట్ల సంగతీ, చెరువు సంగతీ తేలుతుంది. వేలం జరిగే నెలల్లో మర్రిపాడు మండలం డీసీపల్లి పొగాకు కేంద్రం దగ్గర, కలిగిరిలో జనం ఎంత ఉంటారో, మిగతా నెలల్లో ఎంత ఉంటారో కూడా అప్పుడే తెలుస్తుంది. ఇళ్ళ లెక్క చూసే మోడల్‌కి ఆ తిరనాళ్ళ సంగతి తెలియదు కదా.

ఇంకోటి, కరెంటు. గ్రామీణ వైర్‌లెస్ నెట్‌వర్కులు పైలట్ దశ దాటి ఎందుకు బతకవు అని బర్కిలీ వాళ్ళు, తమిళనాడులో అరవింద్ కంటి ఆసుపత్రుల నెట్‌వర్క్ లాంటివి నడిపిన అనుభవంతో 2008లో ఒక పేపర్ రాశారు. వాళ్ళు ముందువరసలో పెట్టిన కారణాల్లో నాసిరకం కరెంటు ఒకటి, బాగుచేసే మనిషి దగ్గర్లో లేకపోవడం ఇంకొకటి. కాబట్టి పెట్టె పెట్టే చోటికి సిగ్నల్ మార్కులతో పాటు ఈ రెండు మార్కులు కూడా వెయ్యాలి. ఒక ఊళ్ళో నేను చూశాను. సిగ్నల్ లెక్కన శ్రేష్ఠమైన చోటే, తాళం వేసిన గది. సాయంత్రం తాళంతో పాటు మెయిన్ స్విచ్ కూడా కట్టేసి వెళ్ళిపోతారు. పిల్లలు బడినుంచి వచ్చేది ఆ తర్వాతే మరి!

మీలో ఎవరైనా ఇలాంటి ప్రాజెక్టులో పనిచేస్తుంటే, లేదా మీ ఊరికి ఎవరైనా ఇలాంటి టూల్ పట్టుకుని వస్తే, మూడు ప్రశ్నలు అడగండి.

1. ఈ మోడల్‌కి డేటా ఎక్కడిది? మా ఊళ్ళో ఒక్క కొలతైనా ఉందా?

2. ఎక్కడ తనకి తెలీదో చెబుతుందా? చెబితే ఆ మ్యాప్ చూపించండి.

3. ఎక్కువమందికి అన్నారు కదా, ఎవరిని లెక్కలోకి తీసుకున్నారు? మిగిలిపోయిన ఇళ్ళు ఏ వాడలో ఉన్నాయి?

మూడో ప్రశ్నకి జవాబు చెప్పడానికి మెషీన్ లెర్నింగ్ అక్కర్లేదు. మ్యాప్ మీద వేలు పెడితే చాలు. ఆ వేలు పెట్టించడం మాత్రం, కోడ్ రాసే మన వాళ్ళ పనే అని నా అభిప్రాయం. ఏమంటారు?